ఎనిమిది మిల్లీమీటర్ల గొంతు

మూడుకాలువల పురపాలక సంఘంలో లౌడ్‌స్పీకర్లకు బదులు మనుషులను స్తంభాలకు బిగించడం మొదలై ఈ ఉగాదికి తొమ్మిదేళ్లు పూర్తయ్యాయి. అంతకుముందు వార్డుకొక అల్యూమినియం గొట్టం ఉండేది. గొట్టాలు తరచూ దొంగల పాలవుతుంటే, మనిషినైతే ఎవరూ ఎత్తుకుపోయి పాత సామాన్ల కొట్లో వెయ్యరని కౌన్సిల్ సభ్యుడొకరు లేచి చెప్పాడు. పైగా మనిషికి సన్నటి గొంతు, పెద్ద నోరు, ఆ రెంటి మధ్య క్రమంగా వెడల్పయ్యే దారి పుట్టుకతోనే ఉన్నాయి, కొత్తగా తయారు చేయించే పని లేదు. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. వ్యతిరేకిద్దామనుకున్న సభ్యులిద్దరూ ఆ సమయానికి ఉప్మా తినడానికి వెళ్లారు.

పని విధానం సులువు. స్తంభానికి పదిహేనడుగుల ఎత్తున ఒక ఇనుప కుర్చీ ఉంటుంది. అందులో కూర్చున్న మనిషి మెడ వెనక పిడికిలంత యూనిట్‌ను తోలుపట్టీతో బిగిస్తారు. యూనిట్ అంటే పాత గొట్టాల వెనక ఉండే గుండ్రటి డబ్బాయే. అందులో పలచటి రేకు వణికి గాలిని ముందుకు తోస్తుంది. కార్యాలయంలో కమిషనర్ గారు మైకు ముందు మాట్లాడితే, ఆ మాట తీగ మీదుగా వచ్చి, కుర్చీలోని మనిషి గొంతులో పడి, ఆ మనిషి స్వరంతోనే నోట్లోంచి వార్డంతా వినబడుతుంది. తన నోటి నుంచి ఏం రాబోతోందో ఆ మనిషికి ముందుగా తెలియదు, ఊరితో పాటే వింటుంది. ఈ ఉద్యోగాన్ని వార్డు హారను అంటారు. ఉదయం ఆరు నుంచి తొమ్మిది దాకా, సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా విధి. ఆదివారాలు సెలవు. ఎన్నికల రోజుల్లో ఆదివారాలు ఉండవు.

పద్నాలుగో వార్డు హారను పేరు పేరంటాలు. వయసు నలభై ఆరు. హారను కాకముందు ఇరవై రెండేళ్ల పాటు నెత్తిన గంప పెట్టుకుని వీధివీధీ తిరిగి ఉప్పు అమ్మింది. ఆమె సందు మొదట్లో "ఉప్పో" అంటే సందు చివర వంటింట్లో ఉన్న మనిషి చేట పట్టుకుని బయటికి వచ్చేది. ఇలాంటి వాళ్లను హారన్లుగా వెతకడంలో పురపాలక సంఘం ఒక పద్ధతి పాటించింది. వీధి కుళాయి దగ్గర బిందెల తగాదాల్లో ఎవరి మాట నెగ్గుతుందో వార్డుల వారీగా జాబితా తెప్పించి, అందులో మొదటి పేరుకు ఉత్తర్వు పంపింది. పెద్ద నోరు ఉంటే చాలని అనుకున్నారు. కుళాయి దగ్గర నెగ్గే మనిషికి నోటితో పాటు సొంత మాట కూడా ఉంటుందన్న సంగతి ఎవరికీ తట్టలేదు. మా వాళ్లకు తప్ప ఇంకే ఊరి వాళ్లకైనా తట్టి ఉండేది.

తొమ్మిదేళ్లు ఏ గొడవా లేదు. ప్రతి ఉదయం ఆరింటికి ఊళ్లోని ఇరవై ఆరు స్తంభాల నుంచీ రెండే రెండు వాక్యాలు వచ్చేవి. ఆరున్నరకు మంచినీళ్లు వదులుతున్నాం. బిందెలు సిద్ధం చేసుకోండి. జనం బిందెలు పెట్టుకుని నిలబడేవాళ్లు. నీళ్లు వచ్చిన రోజు వచ్చేవి, రాని రోజు రేపటి కోసం ఇంటికి వెళ్లేవాళ్లు. మొన్నటి మాఘమాసంలో వరసగా పదకొండు రోజులు రాలేదు. పన్నెండో రోజు ఉదయం పద్నాలుగో వార్డు స్తంభం నుంచి ఆ రెండు వాక్యాల వెనకే, ఊపిరి మార్చకుండా, మూడో వాక్యం వచ్చింది.

"ఏం రావు, పదకొండు రోజుల్నించీ వస్తన్నయ్యా ఏంది, ఇళ్లకు పోండి."

జనం బిందెలు తీసుకుని ఇళ్లకు పోయారు. ఆ వేళ వార్డులో పిల్లలు బడికి సకాలంలో వెళ్లారు, కూలికి పోయేవాళ్లు కూలికి పోయారు. ఇంత అసాధారణ విషయం కార్యాలయానికి తెలియకుండా ఉండదు.

విచారణ జరిగింది. మైకు గదిలోని రిజిస్టరు ప్రకారం బయటికి పంపినవి రెండు వాక్యాలు. పద్నాలుగో వార్డులో విడుదలైనవి మూడు. ఆ అదనపు వాక్యం ఎక్కడ తయారైందో తేల్చమని పురపాలక ఇంజనీరు వామనరావు గారిని ఆదేశించారు. ఆయన నెమ్మదస్తుడు, ఎవరి మీదా కోపం లేని మనిషి. ఇరవై ఆరుగురు హారన్లనూ టౌన్‌హాలుకు పిలిపించి, నోరు తెరిచి "ఆ" అనమని, చెక్కతో చేసిన కొలత పుల్లలు గొంతులో దింపి చూశారు. పక్కన గుమాస్తా పిచ్చేశ్వరరావు అంకెలు రాసుకున్నాడు. అందరివీ పన్నెండు, పదమూడు, పద్నాలుగు మిల్లీమీటర్లు. పేరంటాలు దగ్గరికి వచ్చేసరికి అన్నిటికన్నా లావు పుల్ల కూడా వదులైపోయింది. రెండు పుల్లలు కలిపి కట్టి దింపితే ఇరవై రెండు తేలింది.

మూడు పేజీల నివేదికలో వామనరావు గారు కారణం తేల్చేశారు. గొంతు సన్నగా ఉంటే యూనిట్ తోసిన గాలి బాగా బిగిసి, కార్యాలయం మాట గొంతు నిండా పట్టి, ఎంతో దూరం వెళుతుంది. గొంతు వెడల్పుగా ఉంటే కార్యాలయం మాట ఒక పక్కగా నడిచి పోగా ఇంకా ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలోకి సొంత మాట చేరుతుంది. కాబట్టి హారన్లందరి గొంతుల్లోనూ ఎనిమిది మిల్లీమీటర్ల రంధ్రమున్న ఇత్తడి బిళ్ల అమర్చాలి. దీనివల్ల ప్రకటనలు బైపాసు రోడ్డు దాకా వినబడటం అదనపు లాభం. బిళ్ల వేసుకున్నవాళ్లు గంజి, మజ్జిగ, చారు నిరభ్యంతరంగా తీసుకోవచ్చని అనుబంధంలో రాశారు. నోటి వెడల్పు మీద ఎలాంటి పరిమితీ లేదని కూడా స్పష్టం చేశారు. ఎవరైనా ఎంతైనా నోరు తెరవవచ్చు.

బిళ్లలు అమర్చే పని మౌలాలికి అప్పగించారు. అరవై ఏళ్ల మౌలాలి మైకుసెట్టు మెకానిక్కు, గొట్టాల కాలం నుంచీ ఊళ్లో పెళ్లికైనా, ఉరుసుకైనా, మీటింగుకైనా ఆయన చెయ్యి పడాల్సిందే. ఉత్తర్వు చదివి ఆయన ఒక అర్జీ రాయించుకుని తిన్నగా ఇంజనీరు గారి దగ్గరికి వెళ్లాడు. గొంతు సన్నం చేస్తే కేక పెరగడం నిజమేననీ, అయితే ఒక హద్దు దాటితే లోపల మాట మాటగా ఉండదనీ చెప్పాడు. నోటిమాట చాలక, కార్యాలయం తోటలో మొక్కలకు నీళ్లు పోసే రబ్బరు పైపు అందుకుని దాని మూతిని బొటనవేలితో నొక్కి చూపించాడు. నీళ్లు గోడ దాటి పోయాయి. కింద పెట్టిన చెంబులో మాత్రం చుక్క పడలేదు.

"గాలికి గూడా ఓర్పుంటది సార్," అన్నాడు మౌలాలి. "కొంతవరకే నొక్కించుకుంటది. ఆపైన నొక్కితే మాట నలిగిపోద్ది. అరుపే మిగులుద్ది."

వామనరావు గారు గోడ అవతలికి తొంగి చూసి, నీళ్లు ఎంత దూరం పడ్డాయో అడుగులతో కొలిపించారు. మౌలాలి అర్జీ మీద, దూరం పెరుగుతున్నట్టు అర్జీదారుడే రుజువు చేసినందున అభ్యంతరం తిరస్కరించడమైనది అని రాసి సంతకం పెట్టారు.

పది రోజుల్లో పాతిక గొంతులకు బిళ్లలు పడ్డాయి. పదకొండో రోజు ఉదయం ఆరింటికి మూడుకాలువలలో పుట్టిన చప్పుడుకు కాకులు ఊరు విడిచి పోయాయి. రేకు చించినట్టు, ఒక్కటే అరుపు. బైపాసు మీద లారీ వాళ్లు బండ్లు ఆపి దిగి చూశారు. ఒక్క ముక్క ఎవరికీ తెలియలేదు. అయినా జనం బిందెలు తెచ్చి పెట్టుకున్నారు, ఆరింటికి వచ్చే చప్పుడంటే బిందెలు తేవాలని తొమ్మిదేళ్లుగా అలవాటే. వారం తిరక్కుండా కార్యాలయం అభిప్రాయ సేకరణ జరిపింది. ఫారంలో ఒకే ప్రశ్న, వినబడుతోందా అని. నూటికి తొంభై ఎనిమిది మంది బ్రహ్మాండంగా వినబడుతోందని రాశారు. ఇదివరకు ఆఫీసు నీరసంగా ఉండేదనీ, ఇప్పుడు పట్టు కనిపిస్తోందనీ కొందరు అడగకుండానే చేర్చారు. ఏం వినబడుతోందన్న ప్రశ్న ఫారంలో లేదు, అచ్చువేసిన కాగితం కొంచెం పొట్టిది.

మిగిలింది పద్నాలుగో వార్డు. పేరంటాలు బిళ్లకు ఒప్పుకోలేదు. రెండు నోటీసులు వెళ్లాయి. మొదటిదానికి జవాబుగా, తన గొంతు ఎవరి దగ్గరా అడిగి తెచ్చుకున్నది కాదనీ, ఇరవై రెండేళ్లు ఎండలో అరిచి అరిచి చేసుకున్నదనీ ఎవరిచేతో రాయించి పంపింది. రెండోదానికి జవాబుగా ఆ మొదటి జవాబునే మళ్లీ పంపింది. రోజూ ఉదయం మూడో వాక్యం మాత్రం మానలేదు. నీళ్లు రావంటే రావు. ఒకరోజు నిజంగానే వస్తే, "ఇయ్యాల వచ్చినయ్, పట్టుకోండి" అని కూడా ఆమే చెప్పింది. ఊరు మొత్తం మీద ఏ రోజు బిందె దించాలో, ఏ రోజు దించక్కర్లేదో తెలిసినది ఆ ఒక్క వార్డుకే. అందుకే ఫిర్యాదులూ ఆ ఒక్క వార్డు నుంచే వచ్చేవి. అర్థమైన చోటే ఫిర్యాదులు పుడుతున్నాయని కార్యాలయం గమనించి ఫైల్లో రాసుకుంది.

మూడో నోటీసు పేరంటాలుకు రాలేదు, వార్డుకు వచ్చింది. సరైన గొంతు లేని వార్డుకు నీళ్ల వేళ సక్రమంగా తెలిసే అవకాశం లేదు కనుక, వేళ తెలియని వార్డుకు నీళ్లు వదలడం వృథా కనుక, ఒకటో తారీఖు నుంచి పద్నాలుగో వార్డుకు మంచినీటి సరఫరా నిలిపివేస్తారు. నోటీసు కుళాయి స్తంభానికి అంటించారు. ఆ కుళాయిలో అప్పటికి పందొమ్మిది రోజులుగా చుక్క లేదు.

లేని నీళ్లు ఆపేస్తారంటే వార్డు గడగడలాడిపోయింది. ఇదేం భయమని నవ్వబుద్ధవుతుంది గాని, నవ్వేముందు ఎవరి వార్డు సంగతి వాళ్లు గుర్తు చేసుకోవడం మంచిది. సాయంత్రం విధి ముగిసి పేరంటాలు నిచ్చెన దిగేసరికి స్తంభం కింద నలభై మంది ఉన్నారు. అందరి తరఫునా మాట్లాడింది ఏడుకొండలు. ఆయనది మూలమీద టీకొట్టు, పేరంటాలు రోజూ పని మీదికి ఎక్కేముందు అక్కడే టీ తాగుతుంది.

"అక్కా, నిన్ను తప్పు పట్టటంలా," అన్నాడు ఏడుకొండలు. "నువ్వన్నది నిజమే, నీళ్లు రావటంలా. కానీ వస్తయ్యన్న మాటన్నా పొద్దున్నే చెవిన పడేది గదా. అది గూడా లేకపోతే మేం ఏం పెట్టుకుని బతకాల?"

పేరంటాలుకు కోపం వచ్చింది. ఎవరి మీద కోపం వచ్చిందో ఆ మొహాల్లో తన వదిన మొహం ఉంది, తన దగ్గర చేబదులుగా ఉప్పు పోయించుకున్న ముసలమ్మ ఉంది, చంకలో పిల్లాడితో నిలబడ్డ పక్కింటి పిల్ల ఉంది. వాళ్ల భయం అబద్ధం మీద నిలబడ్డదే కావచ్చు, కాని వాళ్ల దప్పిక నిజం. తాను కుర్చీ ఎక్కేది వీళ్ల కోసమేనని ఆమెకు తెలుసు.

"ఏయించుకుంటాలే," అంది చివరికి. "మీకోసం ఏయించుకుంటా. నోరు మూసుకుంటానని మాత్రం ఏ కాయితం మీదా ఏలిముద్ర ఎయ్యను. ఎవురన్నా రాసి తెచ్చారంటే చింపుతా."

మర్నాడు కార్యాలయం వరండాలో మౌలాలి బిళ్ల అమర్చాడు. పావుగంట పని. ఇరవై రెండు మిల్లీమీటర్ల గొంతులో ఎనిమిది మిల్లీమీటర్ల బిళ్ల కూర్చోవడానికి చుట్టూ రబ్బరు వాయిసర్లు మూడు పట్టాయి. నియమం ప్రకారం బిళ్ల వేశాక ఏదో ఒక మాట గట్టిగా అనిపించి పరీక్షించాలి. పేరంటాలు తనకు బాగా వచ్చిన మాటే అంది. ఊపిరంతా కూడదీసుకుని "ఉప్పో" అని కేక పెట్టింది. వరండాలో కిటికీ అద్దాలు గలగలలాడాయి. బైపాసు దాకా వినబడిందని అక్కడ నిలబెట్టిన మనిషి జెండా ఊపాడు. ఆ వచ్చిన చప్పుడు మాత్రం ఉప్పు కాదు, పప్పు కాదు, ఏదీ కాదు. వామనరావు గారు తృప్తిగా తలాడించి, పాసైనట్టు రాసుకుని లోపలికి వెళ్లారు.

పేరంటాలు ఏడ్చింది. బిళ్ల రంధ్రంలోంచి ఏడుపు కూడా సరిగ్గా రాలేదు. ఆమె అలా బెంచీ మీద కూర్చుని ఉంటే మౌలాలి స్క్రూడ్రైవర్లు సంచీలో సర్దుకుంటూ, వంగి, చెవి దగ్గరగా చెప్పాడు.

"అమ్మాయ్, అది గట్టిగా నొక్కితేనే పగులుద్ది. మెల్లగా పంపు. ఎంత మెల్లగా పంపితే అంత నిండుగా పోద్ది. ఈ ముక్క వాళ్లు నన్ను అడగలా, నేను చెప్పలా."

ఆమె తలెత్తి, పెదవులు కదిలీ కదలనట్టు "ఉప్పో" అంది. ఆ మాట వరండా దాటి పోలేదు. మౌలాలికి మాత్రం పాతికేళ్ల కిందట తన సందులో విన్నట్టే, ఎక్కడా చెదరకుండా వినబడింది.

మరుసటి ఉదయం ఆరింటికి ఇరవై ఆరు స్తంభాలూ ఎవరి గొంతు ఏదో తెలియకుండా ఒకేలా అరిచాయి. కార్యాలయం చరిత్రలో అది మొదటిసారి. కమిషనర్ గారు మైకు కట్టేసి కాఫీకి లేచారు. వామనరావు గారి నివేదికలో ఒక చిన్న సంగతి రాయకుండా మిగిలిపోయింది. కార్యాలయం మాట్లాడుతున్నంతసేపే గొంతు నిండి ఉంటుంది. కార్యాలయం ఊరుకుంటే, ఎనిమిది మిల్లీమీటర్ల గొంతులోనైనా ఎనిమిది మిల్లీమీటర్లూ ఖాళీయే. పేరంటాలు ఆ ఖాళీలోంచి, అరుపు ఆగిన చోటు నుంచి, పక్కింటి వాళ్లతో కబురు చెప్పినంత నెమ్మదిగా చెప్పింది.

"ఇయ్యాల గూడా రావు."

మొదటి రోజు స్తంభం కిందున్న ముగ్గురు విన్నారు. వాళ్లు మిగతావాళ్లకు చెప్పబోతే పొరుగువాళ్లు నమ్మలేదు, మేమే వింటామన్నారు. వినాలంటే చప్పుడు ఉండకూడదు. రెండో రోజు ఆరు దాటి రెండు నిమిషాలకు ఏడుకొండలు స్టవ్ ఆపేశాడు. పసిపిల్లల తల్లులు పిల్లలకు పాలు పట్టారు. సైకిళ్ల వాళ్లు దిగి నడిపించుకుంటూ వచ్చారు. వారం తిరిగేసరికి ఆరు దాటి రెండు నిమిషాలకు పద్నాలుగో వార్డులో గిన్నె చప్పుడు కూడా లేకుండా పోయింది. అందరూ చెవి వెనక అరచెయ్యి దొప్పలా పెట్టుకుని స్తంభం వైపు తిరిగి నిలబడేవాళ్లు. పేరంటాలు చెప్పేది. నీళ్లు రావని, ట్యాంకు మూత తీసి చూసిన వాచ్‌మన్ లోపల ఏమీ లేదన్నాడని, పైపు ఫలానా చోట పగిలి మూడు నెలలైనా ఎవరూ పూడ్చలేదని. ఏ రోజుకారోజు తెలిసినది తెలిసినట్టు చెప్పేది. బిళ్ల వేసుకున్న పాతికమందిలో కొందరు ఆదివారం నాడు ఆమెను కలిసి ఎలాగో కనుక్కుని వెళ్లారు. తరవాత తొమ్మిదో వార్డు నిశ్శబ్దమైంది, ఆపైన మూడు, ఇరవై, పదిహేడు.

టౌన్‌హాలు మీద ఉన్న శబ్దమాపకం ముల్లు ఆరింటికి చివరిదాకా ఎగిరి, రెండు నిమిషాలకు సున్నా మీద పడి, పావుగంట కదిలేది కాదు. ఊళ్లో ఇంత ప్రశాంతత ఎన్నడూ లేదని మొదట కార్యాలయం సంతోషించింది, జిల్లాకు రాసి పంపింది. నెల గడిచాక ఆ పావుగంట కమిషనర్ గారిని నిద్రపోనివ్వడం మానేసింది. ఆయన మైకు దగ్గరికి పరుగెత్తి ఆ సమయంలో కూడా ఏదో ఒకటి మాట్లాడటం మొదలుపెట్టారు. జనం ఆయన ఆగేదాకా ఓపిగ్గా నిలబడేవాళ్లు. ఆయన ఎప్పటికైనా ఊపిరి తీసుకోవాలి కదా.

మళ్లీ వామనరావు గారే నివేదిక రాశారు. ఈసారి అయిదు పేజీలు. గొంతుల విషయంలో లోపం లేదు, అన్నీ ఎనిమిదే. లోపం చెవుల్లో ఉంది. చెవి కూడా ఒక గొట్టమే, పైన దొప్పలా వెడల్పు, లోపల సన్నం. వెనక చెయ్యి పెట్టినకొద్దీ ఆ గొట్టం నోరు పెరిగి, అవసరానికి మించి చిన్న మాటలు కూడా లోపలికి పోతున్నాయి. కనుక పౌరులందరి చెవి రంధ్రాలూ కొలిచి, తగిన బిళ్లలు సిఫారసు చేయడానికి వార్డుల వారీగా శిబిరాలు జరపాలి.

మొదటి శిబిరం పద్నాలుగో వార్డులోనే, బడి ఆవరణలో. జనం ఎవరూ ఎదురు చెప్పలేదు. పొద్దున్నే అరుపు విని, ఆ తరవాతిది కూడా విని, ఆధార్ కార్డులు పట్టుకుని వరసలో నిలబడ్డారు. ముసలివాళ్లకు బెంచీలు వేశారు. బల్ల దగ్గర కొలతల గుమాస్తా పిచ్చేశ్వరరావు కూర్చున్నాడు. ఫారంలో మూడు గడులు: కుడి చెవి, ఎడమ చెవి, చివరిసారిగా విన్నది ఏమిటి. ఆఖరి గడి పెట్టించింది కమిషనర్ గారే. ఇన్నాళ్లూ అడగని ప్రశ్న ఆయన అడగక తప్పలేదు.

వరసలో ముందు ఏడుకొండలు. పిచ్చేశ్వరరావు రెండు చెవులూ కొలిచి రాసుకుని, ఏం విన్నావని అడిగాడు. ఏడుకొండలు చెప్పాడు. పెదవులు కదిలాయి గాని గుమాస్తాకు వినబడలేదు. గట్టిగా చెప్పమన్నాడు. ఏడుకొండలు తల అడ్డంగా ఊపాడు.

"గట్టిగా చెప్తే నలిగిపోద్ది సార్. మీరే ఇట్టా వంగండి."

పిచ్చేశ్వరరావు కలం కింద పెట్టి బల్ల మీదుగా వంగాడు. వెనకనున్న నాలుగు వందల మంది కదలకుండా నిలబడ్డారు. బడి గోడ అవతల స్తంభం మీద ఇనుప కుర్చీలో పేరంటాలు కూర్చుని ఇటే చూస్తోంది. ఏడుకొండలు మళ్లీ చెప్పాడు. గుమాస్తా అరచెయ్యి తనకు తెలియకుండానే చెవి వెనక్కు వెళ్లింది.

ఆయన ఇల్లు తొమ్మిదో వార్డులో. ఆ ఉదయం ఆయన భార్య ఖాళీ బిందెతోనే తిరిగి వచ్చింది. ఆయన కలం తీసుకుని మూడో గడిలో ఏడుకొండలు చెప్పింది చెప్పినట్టు రాసి, కింద గీత గీశాడు. ఆ తరవాత తలెత్తి, పక్కవాడితో కబురు చెప్పినంత మెల్లగా, తరవాతి మనిషిని పిలిచాడు.